పేరు ఒకటే, వాట్లు వేరు: గేమింగ్ ల్యాప్‌టాప్ స్పెసిఫికేషన్లను చదవడం ఎలా?

ఆన్‌లైన్ దుకాణంలో గేమింగ్ ల్యాప్‌టాప్ కోసం వెతికేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటిలోనూ ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 144 హెర్ట్జ్ తెర అని రాసి ఉంటుంది. ధరలో మాత్రం పదిహేను ఇరవై వేల రూపాయల తేడా. పైగా తక్కువ ధర ఉన్నదానిలో ఐ7 ప్రాసెసర్, ఎక్కువ ధర ఉన్నదానిలో ఐ5. ఆ పట్టికను మాత్రమే చూసినవారు ఎవరైనా మొదటిదే బేరం అనుకుంటారు. కానీ రెండింటిలోనూ ఒకే ఆటను ఒకే సెట్టింగులతో గంటసేపు ఆడి చూస్తే, ఆ ఐ5 ల్యాప్‌టాప్ స్పష్టంగా ముందుండే అవకాశం ఎక్కువ. కారణం ఆ పట్టికలో లేని, లేదా అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉన్న ఒక అంకె. ఆ గ్రాఫిక్స్ చిప్‌కు తయారీదారు ఎన్ని వాట్ల విద్యుత్తు కేటాయించాడన్నదే ఆ అంకె.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఈ ప్రశ్న పెద్దగా తలెత్తదు. పెట్టె పెద్దది, గాలి ఆడుతుంది, విద్యుత్తుకు కొరత లేదు. కార్డు పేరు తెలిస్తే దాని పనితీరు దాదాపు తెలిసినట్లే. ల్యాప్‌టాప్‌లో రెండు అంగుళాలైనా లేని మందంలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, బ్యాటరీ, ఫ్యాన్లు అన్నీ ఇమడాలి. ఆ పెట్టె ఎంత వేడిని బయటికి నెట్టగలదో అంత విద్యుత్తునే చిప్‌లు వాడుకోగలవు. కాబట్టి స్పెసిఫికేషన్ల పట్టికలోని ప్రతి వరుసనూ ఆ పరిమితమైన విద్యుత్తులో, వేడిలో ఒక వాటాగా చూడాలి. అలా చూస్తే చాలా చిక్కుముడులు వాటంతటవే విడిపోతాయి.

వాట్ల లెక్క

ల్యాప్‌టాప్‌ల కోసం తయారైన ఆర్‌టీఎక్స్ 4060 చిప్‌ను 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎక్కడైనా బిగించుకునే స్వేచ్ఛను ఎన్‌విడియా తయారీదారులకు ఇచ్చింది. దీనినే టీజీపీ (టోటల్ గ్రాఫిక్స్ పవర్) అంటారు. దీనిపైన ‘డైనమిక్ బూస్ట్’ అనే ఏర్పాటు ఉంది. ప్రాసెసర్‌కు పని తక్కువగా ఉన్నప్పుడు దాని వాటాలోంచి కొన్ని వాట్లు గ్రాఫిక్స్‌కు మళ్లుతాయి. ప్రకటనల్లో కనిపించే 140 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 ఇలా పుట్టిందే: 115 అసలు, 25 కొసరు. ప్రాసెసర్‌కు కూడా చేతినిండా పని ఉన్న ఆటలో ఆ కొసరు దక్కకపోవచ్చు. ఆ తర్వాత వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060లో కూడా ఇదే పద్ధతి. అక్కడ పరిధి 45 నుంచి 100 వాట్లు, కొసరు అదనం. అంటే పేరు ఒకటే ఉన్న రెండు చిప్‌ల మధ్య విద్యుత్తులో రెండింతలకు మించిన తేడా ఉండవచ్చు. పేరులో మాత్రం ఒక్క అక్షరం మారదు.

2017 నుంచి ఎన్‌విడియా తక్కువ వాట్ల చిప్‌లకు ‘మ్యాక్స్-క్యూ’ అనే తోక తగిలించేది. పలుచని ల్యాప్‌టాప్‌లో ఉన్నది నెమ్మది రకమని కొనేవారికి కనీసం ఆ తోక చూసి తెలిసేది. 2021లో వచ్చిన 30 వరుస నుంచి చిప్ పేర్లలో ఆ తోక తీసేశారు. బదులుగా వాట్ల అంకెను కొనేవారే వెతుక్కోవలసి వచ్చింది. ఇది కొనేవారికి మేలు చేసిన మార్పు అని నేను అనుకోను.

విద్యుత్తు సగమైతే ఫ్రేములు (ఆట సెకనుకు గీసి చూపే చిత్రాలు) కూడా సగమవుతాయా? అలా కాదు. చిప్ వాడుకునే విద్యుత్తు దాని వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి కాబట్టి, చివరి పది శాతం వేగం కోసం చిప్ విపరీతంగా కరెంటు తాగుతుంది. అందువల్ల 45 వాట్ల నుంచి 80 వాట్లకు వెళ్తే ఫ్రేములలో పెద్ద తేడా కనిపిస్తుంది. 80 నుంచి 100కు వెళ్తే ఓ మోస్తరు. ఆర్‌టీఎక్స్ 4060 విషయంలో వంద వాట్లు దాటాక లాభం దాదాపు నామమాత్రం, ఎందుకంటే అప్పటికి చిప్ తన వోల్టేజీ పరిమితిని తాకుతుంది. ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, 140 వాట్ల ల్యాప్‌టాప్ కోసం 105 వాట్ల దానికంటే పది వేలు ఎక్కువ పెట్టనవసరం లేదు. కానీ 60 వాట్ల దాన్ని మాత్రం 105 వాట్ల దాని పక్కన పెట్టి పోల్చనే కూడదు.

ఈ అంకె ఎక్కడ దొరుకుతుంది? దుకాణం పేజీలో చాలాసార్లు ఉండదు. తయారీదారు సొంత వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీలో, గ్రాఫిక్స్ వరుస చివర ‘టీజీపీ’ లేదా ‘మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్’ అని ఉంటుంది. అది లేకపోతే ‘బూస్ట్ క్లాక్’ (చిప్ అందుకోగల గరిష్ఠ వేగం) చూడాలి. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కు ఎన్‌విడియా ఇచ్చిన పరిధి 1470 నుంచి 2370 మెగాహెర్ట్జ్. 2370 అని రాసి ఉంటే పూర్తి విద్యుత్తు ఇచ్చినట్లు, అంతకంటే బాగా తక్కువ ఉంటే పొదుపు చేసినట్లు. రెండూ రాయని తయారీదారు ఏదో దాస్తున్నాడనే అనుకోవడం క్షేమం.

రాతల్లో దొరకని నిజం ఒక్కోసారి అడాప్టర్ దగ్గర దొరుకుతుంది. గ్రాఫిక్స్‌కు 115, ప్రాసెసర్‌కు 45, తెర, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ వగైరాలకు మరో ఇరవై ముప్పై వాట్లు కలిపితే 180 నుంచి 190 అవుతుంది. పెట్టెలో 230 వాట్ల అడాప్టర్ వస్తుంటే లెక్క సరిపోయింది. 150 వాట్ల అడాప్టర్ వస్తుంటే, ప్రకటనలో ఏం రాసినా, ఆ రెండు చిప్‌లూ ఒకేసారి పూర్తి వేగంతో ఎక్కువసేపు నడవలేవు.

డెస్క్‌టాప్ పేరు, ల్యాప్‌టాప్ చిప్

పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత బాగా వర్తించే చోటు ఒకటుంది. ఆర్‌టీఎక్స్ 5090 అన్న పేరుతో డెస్క్‌టాప్‌లో వచ్చే కార్డులో 21,760 కోర్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 32 జీబీ మెమరీ ఉంటాయి. అది 575 వాట్లు వాడుకుంటుంది. అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చే చిప్‌లో ఉన్నవి 10,496 కోర్లు, 24 జీబీ మెమరీ. విద్యుత్తు 150 వాట్లు, ఆపైన కొసరు. కోర్లు సగం కూడా లేవు. కింది మెట్టులో కూడా ఇదే వరస. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5070కి 6,144 కోర్లు, 12 జీబీ మెమరీ ఉంటే, ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5070కి 4,608 కోర్లు, 8 జీబీ మెమరీ. ఆర్‌టీఎక్స్ 4060 మాత్రం మినహాయింపు. రెండు చోట్లా 3,072 కోర్లే. అందుకే డెస్క్‌టాప్ కార్డు పరీక్షల వీడియోలు చూసి ల్యాప్‌టాప్ ఎంచుకోవడం పొరపాటు. వెతికేటప్పుడు ‘ల్యాప్‌టాప్ జీపీయూ’ అన్న మాట తప్పక చేర్చాలి. వీలైతే కొనదలచిన మోడల్ పేరుతోనే వెతకాలి.

ఇక్కడే ఇంకో సంగతి. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కి, 4070కి రెండింటికీ మెమరీ 8 జీబీయే, ఆ మెమరీతో మాట్లాడే దారి వెడల్పు రెండింటికీ 128 బిట్లే. 4070లో కోర్లు యాభై శాతం ఎక్కువ ఉన్నా, అదే విద్యుత్తు, అదే ఇరుకు దారి ఉండడంతో ఫ్రేములు ఆ లెక్కన పెరగవు. 50 వరుసలో కూడా 5050, 5060, 5070 మూడూ 8 జీబీతోనే ఆగిపోయాయి. 12 జీబీ కావాలంటే 5070 టీఐకి వెళ్లాలి. అక్కడ కోర్లు 5,888, దారి 192 బిట్లు. నా ఉద్దేశంలో ఈ వరుసలో తడుముకోవలసిన చోటు ఇదే. 5060 బాగుంది, 5070 టీఐ ఇంకా బాగుంది. మధ్యలో ఉన్న 5070 మంచి తగ్గింపులో దొరికితే తప్ప, దాని కోసం జేబు మరీ సాగదీయడం దండగ.

గ్రాఫిక్స్ మెమరీ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం అది తర్వాత పెంచుకోలేనిది కావడమే. ఆటలోని గోడల గరుకుదనం, మనుషుల ముఖాలు, నీడల సమాచారం అంతా ఆ మెమరీలో కూర్చోవాలి. చోటు చాలకపోతే మిగిలినది మామూలు ర్యామ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి తెచ్చుకునే ప్రతిసారీ ఆట ఒక్క క్షణం తడబడుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అంకెలో ఈ తడబాటు సరిగా కనిపించదు. పరీక్షల్లో ‘1% Low’ అని, అంటే అన్నిటికంటే నెమ్మదైన ఒక్క శాతం ఫ్రేముల వేగంగా, ఇచ్చే అంకెలో కనిపిస్తుంది. సగటు 70 ఉండి, ఆ అంకె 25 ఉన్న ల్యాప్‌టాప్ కంటే, సగటు 60 ఉండి ఆ అంకె 48 ఉన్నది చేతికి నున్నగా తగులుతుంది. 2024 చివర్లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’ ఆట కనీస అవసరమే 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ అని చెప్పింది. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి గీసే పద్ధతి) సదుపాయం లేని కార్డులపై అది నడవదు కూడా. కాబట్టి 4 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న ల్యాప్‌టాప్‌ను ఈరోజు ‘గేమింగ్’ పేరుతో కొనడంలో అర్థం లేదు. 6 జీబీ ఆర్‌టీఎక్స్ 4050 వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి తేలిక ఆటలకు చాలు, పెద్ద ఆటలకు సర్దుబాటు తప్పదు.

ప్రాసెసర్ అంకెలు

మన దగ్గర ల్యాప్‌టాప్ అడిగే ప్రతి ఇంట్లోనూ మొదటి ప్రశ్న ‘ఐ5నా, ఐ7నా’ అనే. గేమింగ్ వరకు ఇది దాదాపు తప్పుడు ప్రశ్న. ఇంటెల్ ఐ5-13500హెచ్‌లో 4 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు కలిపి 12 ఉంటాయి. ఐ7-13620హెచ్‌లో 6 పెద్దవి, 4 చిన్నవి కలిపి 10. మొత్తం చూస్తే ఐ5 పెద్దది, ఆటలకు పనికొచ్చే పెద్ద కోర్లు చూస్తే ఐ7 పెద్దది. ఇక ఐ5-13450హెచ్‌ఎక్స్‌లో పెద్దవి 6, చిన్నవి 4. అంటే కోర్ల లెక్కలో పైన చెప్పిన ఐ7తో సమానం. పేరు చివరి అక్షరాలు ముందున్న ఐ5, ఐ7ల కంటే ఎక్కువ చెప్తాయి: ‘యు’ అంటే పొదుపు రకం, ‘హెచ్’ అంటే మామూలు గేమింగ్ రకం, ‘హెచ్‌ఎక్స్’ అంటే డెస్క్‌టాప్ చిప్‌ను ల్యాప్‌టాప్‌లో ఇమిడ్చిన రకం. హెచ్‌ఎక్స్‌కు వేగం ఎక్కువే, కానీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా అది కరెంటు ఎక్కువ తింటుంది. క్లాసులో ఛార్జర్ లేకుండా నోట్సు రాసుకునేవారికి అది గుర్తుండాలి.

ఏఎండీ పేర్లలో మరో మడత పేచీ. 2023 నుంచి వచ్చిన 7000 వరుసలో మొదటి అంకె సంవత్సరాన్ని, మూడో అంకె లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్తాయి. రైజెన్ 7 7735హెచ్‌ఎస్‌లో మూడో అంకె 3, అంటే పాత జెన్ 3 ప్లస్ నిర్మాణం. రైజెన్ 7 7840హెచ్‌ఎస్‌లో అది 4, అంటే జెన్ 4. రెండూ ‘రైజెన్ 7 ఏడు వేల వరుస’ అనే మాట కిందే అమ్ముడవుతాయి, కానీ వేగంలో, కరెంటు పొదుపులో రెంటికీ ఒక తరం తేడా ఉంది. కొత్త పేర్లు ఇంకా మభ్యపెడతాయి. రైజెన్ 7 260 అనేది అదే జెన్ 4 నిర్మాణానికి కొత్త పేరు. ఇంటెల్ కోర్ 7 240హెచ్ లోపల ఉన్నది 13వ తరం కాలం నాటి నిర్మాణమే. పాతదైనంత మాత్రాన పనికిరాదని కాదు. ధర కూడా పాతదిలాగే ఉంటే తీసుకోవచ్చు.

చవక గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కనిపించే రైజెన్ 7 7435హెచ్‌ఎస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎనిమిది కోర్లు, మంచి వేగం, తక్కువ ధర. కానీ అందులో సొంత గ్రాఫిక్స్ లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో బ్రౌజింగ్, పాఠాల వీడియోల వేళ ఎన్‌విడియా చిప్ నిద్రపోయి, ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ ఆ పని చూసుకుంటుంది. ఇందులో ఆ వెసులుబాటు లేదు కాబట్టి తెర వెలిగి ఉన్నంతసేపూ పెద్ద చిప్ మేలుకునే ఉంటుంది, బ్యాటరీ చకచకా ఖాళీ అవుతుంది. హాస్టల్ గదిలో ప్లగ్గుకు తగిలించి వాడేవారికి ఇది మంచి బేరం. రోజూ కాలేజీకి మోసుకెళ్లేవారికి కాదు.

ఏ ఆటకు ప్రాసెసర్ ముఖ్యం? వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటల్లో సెకనుకు రెండు వందల ఫ్రేములు కావాలనుకునేవారికి ప్రాసెసరే అడ్డుగోడ. సైబర్‌పంక్ 2077 వంటి ఆటలో రే ట్రేసింగ్ పెట్టి అరవై ఫ్రేములు చాలనుకునేవారికి గ్రాఫిక్స్ చిప్పే అడ్డుగోడ. అక్కడ ఐ5 తీసి ఐ9 పెట్టినా ఒకటి రెండు ఫ్రేములకు మించి మారదు. పైగా ఈ రెండు చిప్‌లూ ఒకే కూలర్‌ను పంచుకుంటాయి కాబట్టి ప్రాసెసర్ అనవసరంగా వేడెక్కితే గ్రాఫిక్స్ వాటాకు కోత పడుతుంది కూడా.

ర్యామ్ ఎంత అనడం కంటే ఎన్ని అని అడగాలి

‘16 జీబీ డీడీఆర్5’ అని ఉంటే సరిపోదు. అది ఒకే 16 జీబీ కర్రగా (స్టిక్‌గా) ఉందా, రెండు 8 జీబీ కర్రలుగా ఉందా అన్నది తెలియాలి. రెండు కర్రలుంటే ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సమాచారం వస్తుంది, ఒకటే ఉంటే ఒక దారే. ఒకే కర్ర పెట్టి అమ్మడం తయారీదారుకు చవక, పైగా ‘ఖాళీ స్లాట్ ఉంది, తర్వాత పెంచుకోవచ్చు’ అని చెప్పుకునే వీలు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా పెరగడంతో, తర్వాత రెండు మూడు వేలతో రెండో కర్ర వేసుకోవచ్చన్న పాత ధీమా ఇప్పుడు పనిచేయదు. కాబట్టి మొదటే రెండు కర్రలున్నదాన్ని చూసుకోవాలి. మదర్‌బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే తీసి మార్చలేం. పలుచని మోడళ్లలో ఇది ఎక్కువ. వాటిలో 32 జీబీ కావాలనుకుంటే కొన్న రోజే తేల్చుకోవాలి.

ఎస్ఎస్‌డీ గురించి చెప్పేది కొద్దే. సెకనుకు 3,500 మెగాబైట్లు చదివే మూడో తరం డిస్కు, 7,000 చదివే నాలుగో తరం డిస్కు మధ్య ఆటలో తేడా కంటికి ఆనదు. వేగం కంటే చోటు ముఖ్యం. పెద్ద ఆట ఒక్కొక్కటే వంద జీబీ దాటుతున్న రోజుల్లో 512 జీబీ నాలుగు ఆటలకే నిండిపోతుంది కాబట్టి రెండో స్లాట్ ఉందో లేదో చూసుకుంటే చాలు.

తెర, దాని వెనుక దారి

144 హెర్ట్జ్ తెర అంటే ప్రతి 6.9 మిల్లీసెకన్లకు ఒక కొత్త చిత్రం. ఆ వ్యవధిలోనే తెరలోని ప్రతి చుక్కా (పిక్సెల్) తన రంగు మార్చుకోగలగాలి. చవక తెరల్లో చుక్కలు అంత త్వరగా మారవు. పాత చిత్రం ఛాయ కొత్తదానిపై అలుముకుంటుంది, కదిలే శత్రువు వెనుక తోక కనిపిస్తుంది. హెర్ట్జ్ పెద్దగా రాసి, చుక్క రంగు మారే వ్యవధి అయిన రెస్పాన్స్ టైమ్ రాయకపోవడం ఇందుకే. రంగుల దగ్గర కూడా ఇదే ఎత్తు. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉన్న తెరలో ఎరుపు ఇటుక పొడిలా వెలిసిపోయి ఉంటుంది; వీడియో ఎడిటింగ్ చేసేవారికి అది పనికిరాదు. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని ఉన్నదాన్ని ఎంచుకోవాలి. తెర వెలుతురు 300 నిట్స్‌కు (వెలుతురు కొలత) తగ్గితే కిటికీ పక్కన కూర్చుని చూడడం కష్టం.

తెరలో చుక్కలు ఎక్కువైతే గ్రాఫిక్స్‌కు బరువు. 1920×1200 తెరలో సుమారు 23 లక్షల చుక్కలు, 2560×1600 తెరలో సుమారు 41 లక్షలు. అంటే ప్రతి ఫ్రేముకు దాదాపు 78 శాతం ఎక్కువ పని. ఆర్‌టీఎక్స్ 4060, 5060 స్థాయికి మొదటిదే సరైన జోడీ. ఎక్కువ చుక్కల తెరను తక్కువ రిజల్యూషన్‌లో ఆడుకోవచ్చు గానీ అప్పుడు చిత్రం కాస్త మసకగా ఉంటుంది.

తెర వెనుక సంగతి ‘మక్స్ స్విచ్’. అది లేని ల్యాప్‌టాప్‌లో ఎన్‌విడియా చిప్ గీసిన ప్రతి ఫ్రేమూ ముందు ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్‌కు చేరి, అక్కడి నుంచి తెరకు పోతుంది. ఆ చుట్టుదారి వల్ల పోటీ ఆటల్లో ఫ్రేములు తగ్గుతాయి, మౌస్ స్పందన ఆలస్యమవుతుంది. ర్యామ్ ఒకే కర్ర అయితే ఆ దారి ఇంకా ఇరుకు, ఎందుకంటే చిన్న గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే. మక్స్ స్విచ్ ఉంటే ఫ్రేములు నేరుగా తెరకు వెళ్తాయి. ‘అడ్వాన్స్‌డ్ ఆప్టిమస్’ ఉన్నవాటిలో రీస్టార్ట్ చేయకుండానే దారి మారుతుంది. రెండూ లేకపోయినా, హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్‌విడియా చిప్‌కు నేరుగా కలిసిన మోడళ్లలో బయటి మానిటర్ తగిలిస్తే ఆ చుట్టుదారి తప్పుతుంది.

వేడి: మన ఊళ్ల లెక్క వేరు

ఏ పరీక్ష వీడియో చూసినా ల్యాప్‌టాప్‌ను సాధారణంగా ఇరవై రెండు, ఇరవై అయిదు డిగ్రీల ఏసీ గదిలోనే పెట్టి చూస్తారు. విజయవాడలో, రామగుండంలో, కొత్తగూడెంలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో గాలి నలభై డిగ్రీలు. ఫ్యాన్లు బయటికి నెట్టగలిగే వేడి, చిప్ వేడికీ గది గాలి వేడికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. చిప్‌ను 90 డిగ్రీల దగ్గర ఆపుతారనుకుంటే, 22 డిగ్రీల గదిలో ఆ తేడా 68. 40 డిగ్రీల గదిలో 50. అంటే అదే కూలర్ మన వేసవిలో దాదాపు నాలుగో వంతు తక్కువ వేడిని తీసివేయగలదు. స్థూలమైన లెక్కే, కానీ దాని సారం నిజం: విదేశీ వీడియోలో 140 వాట్లు నిలబెట్టిన ల్యాప్‌టాప్ ఇక్కడ నిలబెట్టలేకపోవచ్చు, పరిమితి దగ్గర ఆడుతున్నది ముందుగా చతికిలబడుతుంది.

అందువల్ల మన దగ్గర కొనేటప్పుడు పలుచదనానికి డబ్బు పెట్టడం కంటే మందానికి పెట్టడం తెలివైన పని. వెనుకవైపూ పక్కలకూ గాలి మార్గాలున్నవి, కింద పెద్ద జాలీ ఉన్నవి, బరువు రెండున్నర కిలోల దాకా ఉన్నవి సాధారణంగా ఈ పరీక్షలో నిలుస్తాయి. పరీక్ష వీడియోలో మొదటి అయిదు నిమిషాల అంకెలు చూడవద్దు. అరగంట తర్వాత ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఎన్ని వాట్ల దగ్గర స్థిరపడ్డాయో చూడాలి. ఆ అంకె, గది ఉష్ణోగ్రత రెండూ చెప్పే సమీక్ష ఒక్కటి దొరికితే మిగతా పది అన్‌బాక్సింగ్‌లు చూడనవసరం లేదు.

పుట్టించిన ఫ్రేములు

2025 జనవరిలో ఎన్‌విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ 549 డాలర్ల డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5070, ముందు తరంలో అన్నిటికంటే పెద్దదైన 4090 అంతటి పనితీరు ఇస్తుందని వేదికపై ప్రకటించారు. ఆ లెక్కలో ఉన్నది ఎన్‌విడియా ఏఐ సాంకేతికత డీఎల్ఎస్ఎస్ 4లోని మల్టీ ఫ్రేమ్ జనరేషన్. కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకు ఏఐ మరో మూడు ఫ్రేముల వరకు ఊహించి చేరుస్తుంది. చిత్రం కంటికి నున్నగా కనిపిస్తుంది, అందులో సందేహం లేదు. కానీ మీ మౌస్ కదలికకు ఆట స్పందించేది నిజంగా గీసిన ఫ్రేములోనే. 30 అసలు ఫ్రేములు 120గా కనిపించినా చేతికి అది 30 లాగే బరువుగా ఉంటుంది. 60 అసలు ఉంటే ఈ సదుపాయం చక్కగా పనికొస్తుంది. కాబట్టి పాత, కొత్త తరాలను పోల్చే గ్రాఫు చూసినప్పుడు దాని కింద ‘ఫ్రేమ్ జనరేషన్’ అన్న మాట ఉందేమో చూసి, ఉంటే ఆ గ్రాఫును పక్కన పెట్టాలి. డీఎల్ఎస్ఎస్‌లోని అప్‌స్కేలింగ్ వేరే విషయం. తక్కువ రిజల్యూషన్‌లో గీసిన చిత్రాన్ని పెద్దది చేసి చూపే పద్ధతి అది. అసలు ఫ్రేములనే పెంచుతుంది, తక్కువ వాట్ల ల్యాప్‌టాప్‌కు అది నిజమైన ఊతం.

బ్యాటరీ, ప్రయాణం

బ్యాటరీ మీద గేమింగ్ అన్న ఆలోచననే వదిలేయడం మంచిది. ప్లగ్గు తీయగానే గ్రాఫిక్స్ వాట్లు బాగా తగ్గిపోతాయి. వంద వాట్ల టైప్-సీ ఛార్జింగ్ ఉంటే చదువుకు హాయి, ఆటకు చాలదు. బ్యాటరీలు ఎందుకు 99 వాట్-అవర్ల దగ్గరే ఆగిపోతాయంటే, ప్రత్యేక అనుమతి లేకుండా విమానం క్యాబిన్‌లోకి తీసుకెళ్లగల పరిమితి వంద వాట్-అవర్లు. ఆగస్టులో శంషాబాద్ నుంచి అమెరికా విమానమెక్కే విద్యార్థులకు ఈ సంగతి అవసరమే. అడాప్టర్ మీద ‘100-240 వోల్ట్స్’ అని ఉంటే అక్కడ త్రాడు మారిస్తే చాలు. ఇక్కడ కొన్నదానికి అక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో మాత్రం మోడల్‌ను బట్టి మారుతుంది, కొనకముందే రాతపూర్వకంగా అడగాలి. ప్రకటించిన బరువులో అడాప్టర్ లేదని కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద అడాప్టర్ ఒక్కటే అర కిలో దాటుతుంది.

ఇంతా చూసి కొన్నాక, వెనక్కి తీసుకునే గడువు సాధారణంగా వారం పది రోజులే కాబట్టి మొదటి సాయంత్రమే చూడవలసినవి కొన్నున్నాయి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’లో మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అంకె ప్రకటనతో సరిపోతోందా చూడాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ వరుసలో ‘2 ఆఫ్ 2’ ఉందా, ‘1 ఆఫ్ 2’ ఉందా చూడాలి. నల్లటి చిత్రం పెట్టి, గదిలో దీపాలార్పి తెర అంచుల్లో వెలుగు కారుతోందేమో పరిశీలించాలి. తర్వాత పెద్ద ఆట ఒకటి పెట్టి, పర్ఫార్మెన్స్ మోడ్‌లో, అడాప్టర్ తగిలించి, గంటసేపు ఆడాలి. ఆ గంట పూర్తయ్యాక బ్యాటరీ శాతం తగ్గి ఉంటే, అడాప్టర్ ఆ చిప్‌లకు సరిపోవడం లేదని తేలినట్లే. ఆ పెట్టెను తిరిగి ప్యాక్ చేయవచ్చు.